తోట నేల రంగు మారితే: బయానాకు ముందు వర్తకుడు చూడవలసినవి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో తోట సరుకు కొనే వర్తకులు ధర చూస్తారు, గెల చూస్తారు, కాయ సైజు చూస్తారు. చెట్టు కింది నేలను చూసేవారు తక్కువ. కాని కాయ చూపించేది ఈ కారు సంగతి మాత్రమే. వచ్చే కారుకు ఎన్ని టన్నులు దిగుతాయో, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి వస్తుందో రాదో చాలాసార్లు నేల ముందుగానే చెబుతుంది. ఆ కబురు రంగు రూపంలో వస్తుంది. దానిని సరిగా చదవడం నేర్చుకున్న వర్తకునికి రెండు లాభాలు. చెడిన తోటకు పూర్తి ధర కట్టడు. మంచి తోటను పుకారు విని వదులుకోడు.

రెండవ లాభం మొదటిదానికంటె చిన్నది కాదు. "ఆ ఊరి నేల తెల్లబడిందట" అనే ఒక్క మాటతో ఊరు మొత్తానికి ధర తగ్గించడం తేలిక. కాని తెలుపు అంతా ఒక జబ్బు కాదు. కొంత తెలుపు నిరపాయం, కొంత ఒక్క కారులో కుదురుతుంది, కొంత తోటను పూర్తిగా తీసేస్తుంది. వీటిని వేరుచేసే పద్ధతులు కష్టమైనవి కావు.

రంగు ఎప్పుడు, ఎక్కడ కనబడుతుంది?

ఉప్పు నీటితోబాటు నడుస్తుంది. ఎండకు నీరు ఆవిరైనప్పుడు ఉప్పు పైన మిగిలిపోతుంది. అందువల్ల మాఘం దాటాక, ముఖ్యంగా మార్చి నుంచి మే వరకు, నేల మీద తెలుపు బాగా కనబడుతుంది. గట్టి వాన పడితే అది కరిగి లోపలికి దిగుతుంది. నేల శుభ్రంగా కనబడుతుంది కాని ఉప్పు పోలేదు, నాలుగు అంగుళాల కిందికి దిగి కూర్చుంది. మళ్ళీ ఎండ కాయగానే పైకి వస్తుంది. కాబట్టి వాన వెలిసిన వారంలో తోట చూసి "నేల బాగుంది" అని నిర్ణయించకూడదు.

ఎక్కడ కనబడింది అనేది కూడా ముఖ్యమే. డ్రిప్పు తోటలో చుక్క పడే చోటు చుట్టూ, తడి ఆగిపోయే అంచున, సన్నని తెల్లని గీత ఉండడం సాధారణం. నీరు ఉప్పును వేరు దగ్గరినుంచి బయటకు నెట్టిందని దాని అర్థం. కాలువ తడుల తోటలో బోదె నెత్తిన తెలుపు కూడా అలాంటిదే. ఈ రెండూ చూసి భయపడనవసరం లేదు. మొక్క మొదలు దగ్గర తెలుపు, లేక అక్కడక్కడ చాపలు పరచినట్లు తెల్లని మచ్చలు, ఆ మచ్చల నడుమ మొక్కలు గిడసబారడం లేదా చనిపోవడం కనబడితే మాత్రం ఆగి ఆలోచించాలి.

తెలుపులో నాలుగు రకాలు

మొదటిది సున్నం. ఈ మూడు తాలూకాల రేగడి నేలల్లో, సున్నపురాయి మీద ఏర్పడిన నేలల్లో సున్నపు గుల్లలు సహజం. దున్నినప్పుడు పైకి వచ్చి ఎండలో తెల్లగా మెరుస్తాయి. ఇది పొర కాదు, గింజలు, పెళ్లలు. నీటిలో కరగదు. తరతరాలుగా ఈ నేలల్లోనే పత్తి, పప్పుశనగ పండుతున్నాయి. అయితే సున్నం మరీ ఎక్కువైన నేలలో చీనీ చెట్లకు ఇనుము అందక లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా భాగం పసుపు పచ్చబడతాయి.

రెండవది పాల చౌడు. పిండి చల్లినట్లు తెల్లని పొర, వేలితో గీరితే లేస్తుంది, నీటిలో కరిగిపోతుంది. ఇందులో ముఖ్యంగా ఉండేవి క్లోరైడులు, సల్ఫేటులు. పరీక్షలో ఉదజని సూచిక 8.5కు లోపు, విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 4 మిల్లీమోలకు మించి ఉంటే శాస్త్రజ్ఞులు పాల చౌడు అంటారు. మంచి నీరు, నీరు పోయే దారి ఉంటే ఇది కుదిరే జబ్బు.

మూడవది కారు చౌడు. పేరులో కారు అనగా నలుపు. మొదట్లో తెల్లగా కనబడినా, సోడాక్షారం నేలలోని కుళ్ళిన ఆకు, ఎరువు సారాన్ని కరిగించి పైకి తెస్తుంది, నేల మీద నూనె చిందినట్లు నల్లని పొర కడుతుంది. ఉదజని సూచిక 8.5 దాటుతుంది, సోడియం పాలు నూటికి 15కు మించుతుంది. తడిస్తే జారుడు బంక, ఎండితే రాయి. నీరు ఇంకదు, రోజుల తరబడి బురదగా నిలుస్తుంది. బట్టలుతకడానికి చాకలివారు పూర్వం వాడిన చవిటి మన్ను ఈ జాతిదే. వర్తకుడు అన్నిటికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసింది దీని దగ్గర.

నాలుగవది బూజు. వేరుశనగ మొక్క మొదలు వద్ద తెల్లని దారాలు అల్లుకొని, వాటి మధ్య ఆవగింజలంత గోధుమరంగు గుండ్లు కనబడితే అది ఉప్పు కాదు, మొదలుకుళ్లు తెగులు. పొడిలా రాలక దారాల్లా సాగడమే దీని గుర్తు. దీనికి ఉప్పు పరీక్ష వృథా, సస్యరక్షణ కావాలి.

తోటలోనే చేయగల మూడు పరీక్షలు

ఒకటి, గ్లాసు పరీక్ష. పైపొర గీరి గాజు గ్లాసు నీటిలో వేసి కలిపి గంటసేపు వదలాలి. తెలుపు అడుగున పేరుకుంటే సున్నం. కరిగిపోయి అడుగున మన్ను మాత్రమే మిగిలితే ఉప్పు. రుచి చూసి తేల్చే పాత అలవాటు మానాలి. నేలలో మందులు, ఇతర ద్రవ్యాలు ఏవి ఉన్నాయో నాలుక చెప్పలేదు.

రెండు, పసుపు పరీక్ష. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన తెల్ల కాగితం మీద ఆ తేరిన నీరు రెండు చుక్కలు వేయాలి. పసుపు, సున్నం కలిస్తే పారాణి రంగు వస్తుందని ఇంటింటా తెలిసినదే. ఇక్కడా కాగితం ఎర్రబడితే క్షారం ఘాటుగా ఉందని, అనగా కారు చౌడు అనుమానం బలమైనదని అర్థం. రంగు మారకపోతే పాల చౌడుకే అవకాశం ఎక్కువ.

మూడు, సీసా పరీక్ష. పిడికెడు మన్ను సీసాలో వేసి వాననీరు లేదా శుద్ధమైన నీరు పోసి బాగా కుదిపి మరునాటి వరకు కదపకుండా ఉంచాలి. నీరు తేరుకుంటే నేల కణాలు కూడుకొని ఉన్నాయి. మరునాటికి కూడా మురికిగానే ఉంటే సోడియం కణాలను విడదీసింది. అలాంటి నేల నీరు తాగదు.

ఇవి అనుమానానికి దారి చూపేవే కాని తీర్పు చెప్పేవి కావు. తీర్పు ప్రయోగశాలదే.

ఇతర రంగులు

బూడిద రంగు: ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు వైపు బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉన్నాయి. దుమ్మువల్ల వచ్చిన రంగైతే నేల మీద మాత్రమే కాక ఆకుల పై భాగంలో కూడా ఉంటుంది, గాలి వచ్చే దిక్కున ఎక్కువగా ఉంటుంది, లోపల ఒక అంగుళం తవ్వితే మామూలు మన్ను బయటపడుతుంది. ఉప్పు ఆకు మీదికి ఎక్కి కూర్చోదు.

ఆకుపచ్చ: డ్రిప్పు కింద, గుబురు నీడలో పచ్చని పొర నాచు. ఎండితే నల్లని పెచ్చులౌతుంది. దీనిని కారు చౌడు అని పొరబడేవారున్నారు. పసుపు కాగితం ఈ తేడా చెబుతుంది. నాచు విషం కాదు, తడి ఎక్కువౌతున్నదని హెచ్చరిక.

తుప్పు రంగు: బోరు నీటిలో ఇనుము ఉంటే గాలి తగిలి తుప్పుగా మారి డ్రిప్పు రంధ్రాలను పూడుస్తుంది. గడ్డ పగలగొట్టినప్పుడు లోపల బూడిద, తుప్పు చారలు కలిసి కనబడితే అక్కడ నీరు తరచు నిలుస్తున్నదని గుర్తు.

నీలం: మైలుతుత్తం, బోర్డో మిశ్రమం కలిపిన చోటనో, చీనీ మొదళ్లకు పూసిన చోటనో ఉంటుంది. తోటంతా ఉండదు.

ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది: వర్తకుని లెక్క

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఒక ఎకరంలో ఒక అంగుళం నీరు అంటే లక్ష లీటర్ల పైచిలుకు. బోరు నీటి వాహకత 1.5 మిల్లీమోలైతే లీటరులో సుమారు ఒక గ్రాము ఉప్పు ఉంటుంది. అరటికి ఏడాదికి 40 అంగుళాల నీరు పెట్టామనుకుంటే 40 లక్షల లీటర్లు, అనగా 4,000 కిలోలు, 40 క్వింటాళ్ల ఉప్పు ఎకరానికి చేరింది. కాయతో బయటకు పోయేది స్వల్పం. మిగిలినది వానకు కడిగివేయబడాలి. కడప జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్ల ప్రాంతం. కరువు ఏడాదుల్లో అదీ రాదు. లోపలికి దిగని ఉప్పు ఏడాదికేడాది పేరుకొంటుంది.

అందుకే మూడు ప్రాంతాలలోను ఒకే తెలుపుకు ఒకే అర్థం లేదు. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ ఆయకట్టులో, జమ్మలమడుగు వైపు మైలవరం ఆయకట్టులో తెలుపు కనబడితే ముందుగా మురుగు నీరు పోయే దారి చూడాలి. నల్లరేగడిలో నీటిమట్టం పైకి రావడంవల్ల చౌడు తేలుతుంది. కడగడానికి కాలువ నీరు ఉన్నది కనుక ఆశ ఉంది. పులివెందుల వైపు చాలా తోటలు బోర్లమీద ఆధారపడి పెరిగాయి. చిత్రావతి రిజర్వాయరు నీరు అందిన చోట పరిస్థితి వేరు. లోతు బోరు నీరే ఆధారమైన చోట, తెలుపుకు కారణమైన నీటితోనే తెలుపును కడగాలి. అక్కడ నేల రిపోర్టు కంటె నీటి రిపోర్టు ముఖ్యం.

తుమ్మలపల్లె సంగతి

ఈ జిల్లాలో నేల తెల్లబడడం గురించి మాట్లాడేటప్పుడు వేముల మండలం తుమ్మలపల్లె ప్రస్తావన రాక తప్పదు. కేంద్ర అణుశక్తి శాఖ కింద ఉన్న యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అక్కడి గనికి, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో పని మొదలైంది. ఖనిజం ఉన్న రాయి సున్నపు జాతిది కనుక ఆమ్లం వాడితే రాయే దానిని మింగివేస్తుంది. అందువల్ల అక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణాలతో ఖనిజాన్ని కరిగించే పద్ధతి అవలంబించారు. మిగిలిన వ్యర్థపు ముద్దను గొట్టాల ద్వారా కొట్టాల గ్రామ సమీపంలోని చెరువుకు పంపుతారు.

తర్వాతి సంవత్సరాలలో కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె పరిసర గ్రామాల రైతులు బోరు నీరు మారిందని, నేల మీద తెల్లని పొర తేలుతున్నదని, అరటి తోటలు ఎండిపోతున్నాయని ఫిర్యాదు చేశారు. వ్యర్థాల చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర సక్రమంగా లేదని విమర్శ వచ్చింది. 2018, 2019 సంవత్సరాలలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసులు ఇచ్చింది, నిపుణుల పరిశీలనకు కమిటీ ఏర్పడింది. తమ చెరువు వలన భూగర్భ జలాలు చెడలేదని సంస్థ చెబుతూ వచ్చింది.

వర్తకుడు ఇందులో తీర్పరి కానవసరం లేదు. కాని మూడు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది, కంటికి కనబడే తెలుపు యురేనియం కాదు. శుద్ధి అయిన యురేనియం సరుకు పసుపు రంగు ముద్ద. నీటిలో హాని చేసే మోతాదులో యురేనియానికి రంగూ లేదు, వాసనా లేదు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. అంత స్వల్ప పరిమాణాన్ని యంత్రమే చెప్పాలి. రెండవది, నేల తెల్లబడితే అది ముందుగా సోడియం, ఇతర లవణాల గుర్తు. అది కర్మాగారం నుంచి ఊటగా వచ్చినా, బోరు నీటిలో సహజంగా ఉన్న క్షారం నుంచి వచ్చినా చూపుకు ఒకేలా ఉంటుంది. మూడవది, తెలుపు లేనంత మాత్రాన నీరు మంచిదని కాదు. ఆ గ్రామాల సమీపంలో కొనుగోలు చేసేటప్పుడు మామూలు ఉప్పు పరీక్షతోబాటు నీటిలో యురేనియం పరీక్ష కూడా కోరడం ఉభయులకూ మేలు. అక్కడికి మైళ్ల దూరంలో ఉన్న తోటకు కూడా ఆ పేరు చెప్పి ధర కోయడం వ్యాపారం కాదు, రైతు నోటి దగ్గర కూడు లాగడం.

ఏ పంట ఎంత ఓర్చుకుంటుంది?

అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పట్టికల ప్రకారం నేల వాహకత ఈ హద్దు దాటితే దిగుబడి తగ్గడం మొదలౌతుంది: చీనీ, నారింజ జాతికి 1.7 మిల్లీమోలు, వరికి 3, వేరుశనగకు 3.2, జొన్నకు 6.8, పత్తికి 7.7. అరటి, పప్పుశనగ ఉప్పుకు బాగా సున్నితమైనవి. అరటిలో ఆకు అంచులు కాలినట్లు గోధుమరంగుకు తిరగడం, గెల చిన్నదై కాయ సన్నబడడం ముందుగా కనబడే గుర్తులు.

చీనీలో హద్దు దాటిన ఒక్కొక్క మిల్లీమోకు నూటికి 16 వంతుల దిగుబడి తగ్గుతుందని అంచనా. ఐదెకరాల తోటలో 50 టన్నులు వస్తాయనుకుని ధర కట్టారనుకుందాం. నేల వాహకత 3 ఉంటే నష్టం నూటికి 21, అనగా చేతికి వచ్చేది 40 టన్నుల లోపు. పది టన్నుల తేడా ఏ దలాలీ సర్దుబాటుతోను పూడదు. వేరుశనగది మరో తీరు. 3.2 వరకు చలించదు, దాటితే మిల్లీమోకు నూటికి 29 చొప్పున పడిపోతుంది. అదే 3 మిల్లీమోల నేలలో చీనీకి నష్టం, వేరుశనగకు ఏమీ లేదు. తెలుపు చూసి నేల చెడ్డదనడం కాదు, ఆ నేలకు ఆ పంట తగునా అని అడగాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పై అంకెలు మన్నును ముద్దగా తడిపి తీసిన సారానికి సంబంధించినవి. చాలా ప్రయోగశాలలు ఒక వంతు మన్నుకు రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తాయి. అప్పుడు అంకె తక్కువగా వస్తుంది. రిపోర్టులో అంకె తక్కువగా ఉందని సంతోషించే ముందు ఏ పద్ధతిలో కొలిచారో అడగాలి.

బయానాకు ముందు

నమూనా తీయడంలోనే సగం ఫలితం ఉంది. ఎకరంలో ఎనిమిది పది చోట్ల తీసి కలిపి అర కిలో ఉంచుకోవాలి. గట్ల దగ్గర, ఎరువు కుప్పల దగ్గర తీయరాదు. తెల్లని పైపొరను వేరే సంచిలో పెట్టాలి. దానిని కలిపితే తోట లేనంత చెడ్డగా కనబడుతుంది, రైతుకు అన్యాయం జరుగుతుంది. పండ్ల తోటైతే ఒకటి, రెండు, మూడు అడుగుల లోతుల నమూనాలు విడివిడిగా ఉండాలి. నీటి నమూనాకు బోరు అరగంట నడిపిన తర్వాత, అదే నీటితో కడిగిన సీసాలో లీటరు పట్టాలి.

నీటి రిపోర్టులో రెండు అంకెలు చూడాలి. వాహకత 0.75 లోపు నిశ్చింత, 2.25 దాటితే తోటలకు ప్రమాదం. మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు మంచిది, 2.5 దాటితే తగదు. ఈ రెండవ అంకె ఎక్కువగా ఉన్న నీరే నేటి పాల చౌడును రేపటి కారు చౌడుగా మారుస్తుంది.

వ్యవసాయశాఖ భూసార పరీక్షా కేంద్రాలు, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం ఈ విషయంలో సలహా ఇవ్వగలవు. 2015లో కేంద్రం ప్రారంభించిన భూసార పత్రం పథకం కింద రైతు దగ్గర కార్డు ఉంటే దానిలో ఉదజని సూచిక, వాహకత రెండూ ఉంటాయి. అడిగి చూడడానికి ఖర్చు లేదు.

రిపోర్టు చెడ్డగా వస్తే బేరం వదులుకోవడమొక్కటే మార్గం కాదు. పాల చౌడైతే మంచి నీరు ఆరు అంగుళాలు ఇంకితే అడుగు లోతు నేలలో ఉప్పు సుమారు సగం, పన్నెండు అంగుళాలు ఇంకితే నూటికి 80 వంతులు కిందికి దిగుతుంది. కారు చౌడైతే ముందు పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం, తర్వాతే నీరు. జిప్సం లేకుండా కడిగితే నేల ఇంకా బిగుస్తుంది. జీలుగ వేసి కలియదున్నడం రెండిటికీ మేలు. జిప్సం ఖర్చును అడ్వాన్సులో భాగంగా ఇచ్చి, రెండు మూడు కార్ల సరుకుకు ఒప్పందం చేసుకోవడం వర్తకునికి, రైతుకు కూడా లాభదాయకమే.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి వద్ద జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటి కంటెయినర్లతో ప్రత్యేక రైలు కదిలింది. అలాంటి దూరపు మార్కెట్టుకు ఒకే సైజు కాయ, ఏడాది పొడుగునా సరుకు కావాలి. ఆ హామీ ఇవ్వగలిగేది తోటే కాని కాగితం కాదు. మార్చి, మే నెలల మధ్య ఒకసారి తోట చూడండి, పైపొర గీరండి, పసుపు కాగితం తడపండి, రెండు నమూనాలు పంపండి. అంకెలు వచ్చిన తర్వాతనే ధర మాట్లాడండి.